టేపు తీసి పక్కన పెట్టాక

మా కాకటీల్ పిల్లకు, అంటే నెత్తి మీద కుచ్చుండే ఒక చిన్న చిలుక జాతి పిట్టకు, నా మెడలో వేలాడే టేపంటే భయమని తెలుసుకోవడానికి నాకు 19 రోజులు పట్టింది.

నేను కాజీపేటలో ఇంట్లోనే బట్టలు కుడతాను. పొద్దున మిషను ముందు కూర్చుంటూ మెడలో వేసుకున్న టేపు మళ్లీ రాత్రి అన్నం తినేటప్పుడే తీస్తాను. అది మెడలో ఉందన్న సంగతే గుర్తుండదు. ఒకరోజు మా బాబు ఏదో కొలవాలని టేపు పట్టుకుపోయాడు. నేను మామూలుగానే పంజరంలో నీళ్లు మార్చడానికి వెళ్లాను. పిట్ట బుస కొట్టలేదు, మూలకు పోలేదు. కూర్చున్న పుల్ల మీదే ఉండి, తల పక్కకు తిప్పి ఒక కంటితో నన్ను చూసింది. సాయంత్రం టేపు దొరికాక మెడలో వేసుకుని మళ్లీ వెళ్లాను. నెత్తి మీది కుచ్చును తలకు అతుక్కునేలా అణుచుకుని, బుస్సుమంటూ వెనక్కి జరిగింది. నడుస్తుంటే టేపు రెండు కొసలూ ఊగుతాయి కదా, దానికి పాములా కనబడుతోంది కాబోలు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆ పసిదాన్ని రోజుకు పదిసార్లు బెదిరించానన్నమాట.

కానీ అది నన్ను చూసి బెదరడానికి టేపొక్కటే కారణం కాదు. అంతకంటే ముందు నేను చేసిన తప్పు ఒకటుంది.

ఆగస్టులో, మా బాబు పుట్టినరోజుకు తెచ్చాం దాన్ని. తోకతో కలిపి పన్నెండు అంగుళాలు ఉంటుందేమో, బరువు 90 గ్రాములు. నా కత్తెర అంతకంటే ఎక్కువ తూగుతుంది. "టవల్ వేసి పట్టుకోండి, నాలుగుసార్లు పట్టుకుంటే అదే అలవాటు పడుతుంది" అన్నాడు అమ్మినతను. రెండో రోజే పట్టుకున్నాను. మిషను జోరుగా తొక్కినప్పటి సూదిలా కొట్టుకుంది దాని గుండె నా అరచేతిలో. నా వేలు కొరికితే రక్తం వచ్చింది, అది పెద్ద విషయం కాదు. వదిలాక చూస్తే పంజరం అడుగున మూడు ఈకలు. పిట్ట మూలకు పోయి, ముక్కు తెరిచి ఎగపోస్తూ చాలాసేపు కదల్లేదు.

పరకాల నుంచి అమ్మ ఫోన్ చేస్తే చెప్పాను. "గట్ల పట్టుకుంటరా బిడ్డా? మీదికెల్లి చెయ్యి ఏస్తే అది నిన్ను గద్ద అనుకోదా?" అన్నది.

ఆ మాట మీదే మొత్తం మార్చాను. చిలుక జాతి పిట్టలకు కళ్లు తలకు చెరో పక్క ఉంటాయి. పిల్లికి, గుడ్లగూబకు, మనకు ముందుంటాయి. రెండు కళ్లతో సూటిగా చూస్తూ పైనుంచి చెయ్యి దించితే, పంజరంలో పుట్టిన పిల్లకైనా సరే, అది ప్రాణభయమే. గుమ్మం పక్కన నేల మీద పెట్టిన పంజరాన్ని తీసి, గోడకు ఆనించి బల్ల మీద, నా భుజం ఎత్తుకు పెట్టాను. వెనక గోడ ఉంటే ఆ వైపు నుంచి ఏమీ రాదని దానికి ధైర్యం. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్లు వంగి, వేలు ఆడిస్తూ "చిట్టీ చిట్టీ" అంటుంటారు. వాళ్లను ఏమీ అనలేక పంజరం ముందు లైనింగ్ గుడ్డతో సగం తెర కట్టాను. మిషనును పక్కకు తిప్పుకుని కూర్చున్నాను. దాన్ని చూడటం మానేశాను. మా బాబు రోజూ సాయంత్రం సోషల్ పాఠం దాని దగ్గర కూర్చుని పైకి చదివేవాడు, అంతే. వాడికి చేత్తో ముట్టుకోవాలని ఎంత ఆశగా ఉండేదో నాకు తెలుసు.

స్టేషన్ దగ్గరే ఇల్లు కాబట్టి రైళ్లకు జడుసుకుంటుందని టెన్షన్ పడ్డాను. ఒక్కరోజు కూడా జడుసుకోలేదు.

రామచిలుకనే తెచ్చుకోవచ్చుగా అని చాలామంది అడిగారు. మన రామచిలుకలను పంజరంలో పెట్టడం నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అవి మా వెనక సందులో జామచెట్టు మీదికి వస్తాయి, వాటికి అదే బాగుంది. కాకటీల్ ఆస్ట్రేలియా పిట్ట, ఎన్నో తరాలుగా మనుషుల దగ్గరే పెరుగుతోంది. దాన్ని వదిలేస్తే ఇక్కడ బతకలేదు. అందుకే దాని భయం పోగొట్టే బాధ్యత నాదే అనిపించింది.

సెప్టెంబరులో అమ్మ వచ్చింది, పెరట్లో ఒక సాలు వేసిన కొర్రల కంకులు ఒక కట్ట పట్టుకుని. పొడుగు కాడ ఉన్న కంకి తీసుకుని కొసను పంజరం చువ్వల దాకా మాత్రమే పెట్టాను. చెయ్యి దూరంగా, కిందుగా. నేను చూసేది కుచ్చునే. నిటారుగా లేస్తే ఉలిక్కిపడినట్టు. తలకు అణిగిపోయి బుస కొడితే 'రావద్దు' అన్నట్టు. సగం వాలి ఉంటే నిమ్మళంగా ఉన్నట్టు. అణిగిన ప్రతిసారీ కంకి వెనక్కి తీసేసి నా పని నేను చేసుకున్నాను. వద్దంటే నేను ఆగుతానని దానికి తెలియాలి. అన్నిటికంటే ఇదే ముఖ్యమని నా నమ్మకం. కాడ మీద నా చెయ్యి పట్టును రోజుకో అంగుళం ముందుకు జరిపాను. కొన్ని రోజులు రెండంగుళాలు వెనక్కి పోవాల్సి వచ్చింది. 11వ రోజు మెడ సాచి ఒక గింజ లాక్కుంది. పొట్టు ఒలిచి పారేసి ఇంకోటి లాక్కుంది. అప్పటిదాకా దానికి పేరు లేదు. మా బాబు ఆ రోజు 'కంకి' అని పెట్టాడు.

వేలు ఎక్కింది బతుకమ్మ రోజుల్లో. ఒళ్లు విరిగేంత జాకెట్ల పని. అయినా మధ్యాహ్నం పావుగంట దానికే. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, కింద పడ్డ గుండుసూదులన్నీ అయస్కాంతంతో ఏరి, పంజరం తలుపు తీసేదాన్ని. పొట్ట కింద వేలు పెడితే ముందు ముక్కు దించి వేలు పట్టింది. గుండె ఝల్లుమంది, టవల్ రోజు గుర్తొచ్చింది. కానీ చెయ్యి లాగలేదు. కొత్త కొమ్మ గట్టిదా కాదా అని అవి ముక్కుతోనే చూసుకుంటాయి. అప్పుడు లాగేస్తే వేలు నమ్మదగ్గ కొమ్మ కాదని తేలిపోతుంది. కాసేపటికి ఒక కాలు పెట్టింది. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి వేసి పట్టుకుంది. తర్వాత రెండో కాలు. వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి.

మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనం ఇప్పుడు లేదు. అది మరీ వేడెక్కితే వచ్చే పొగకు పిట్టలు చచ్చిపోతాయి. టేపును కంకి ముందు మెడలో వేసుకోను, పని కాగానే సొరుగులో పెడతాను. ఆ భయం పోగొట్టాలని నాకేమీ లేదు.

దీపావళి రాత్రి ఆరు గంటలకే పటాకులు మొదలయ్యాయి. కిటికీలు మూసి, పంజరం మీద సగం దుప్పటి కప్పి, జీరో బల్బు వేశాను. చీకట్లో జడుసుకుంటే చువ్వలకు కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటాయి. అయినా పెద్ద చప్పుడు వచ్చినప్పుడల్లా కంకి ఎగిరి పడుతోంది, కుచ్చు నిటారుగా. ఏం చెయ్యాలో తోచక మిషను ముందు కూర్చున్నాను. గుడ్డ లేదు, దారం లేదు, ఊరికే తొక్కాను. టకటకా రోజూ వినే చప్పుడు. కాసేపటికి కుచ్చు సగానికి దిగింది. ఇంకాసేపటికి ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుని, నిద్రకు ముందు చేసినట్టు ముక్కు నూరుకోవడం మొదలుపెట్టింది. బయట పటాకులు ఆగేదాకా, 11 దాటేదాకా, తొక్కుతూనే ఉన్నాను.