కొయ్య తోటకూరా, టేకు కొయ్యా?

తోటకూరలో ఒక రకాన్ని కొయ్య తోటకూర అంటారు. మనిషెత్తు పెరుగుతుంది, కాడ బొటనవేలంత లావెక్కుతుంది, ముక్కలు కోసి పులుసులో వేసుకోవచ్చు. కొయ్య అన్న మాట పేరులోనే ఉంది కాబట్టి తోటకూరను టేకుతో పోల్చడం మరీ విడ్డూరమేమీ కాదు. విశాఖలో 150, 200 గజాల్లో ఇల్లు కట్టగా మిగిలిన జాగాలో కూర మడి వేయాలా, ప్రహరీ వారన నాలుగు టేకు మొక్కలు పెట్టాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఉన్నదే. నర్సరీ నుంచి టేకు మొక్కతోపాటు "పిల్ల పెళ్లి నాటికి అక్కరకొస్తుంది" అన్న మాట కూడా ఇంటికొస్తుంది. ముందు ఆ మాటను లెక్కేసి చూడాలి.

కలప కొనేవాడు చెట్టు ఎత్తు చూసి మురిసిపోడు, చుట్టుకొలత చూస్తాడు. చుట్టుకొలతను 4తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చిస్తాడు. చుట్టుకొలత 3 అడుగులు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగకు 0.75 × 0.75 × 10, అంటే దాదాపు 5.6 ఘనపుటడుగులు. నీళ్లు పెట్టి పెంచినా ఆ లావు రావడానికి రెండు దశాబ్దాలు వేసుకోవాలి. వీధి గుమ్మం ద్వారబంధానికి 5 × 3 అంగుళాల కొయ్య 21 అడుగులు కావాలనుకుంటే, కోసి సిద్ధం చేసిన కలపే 2.2 ఘనపుటడుగులు. లేత వయసు చెట్టులో పైనుండే తెల్లచెక్క ఎక్కువ, లోపలి చేవ తక్కువ. చెదలకు తట్టుకునేది చేవే, తెల్లచెక్క కాదు. తెల్లచెక్క, రంపపు పొట్టు, వంకర ముక్కలు తీసేస్తే ఆ దుంగలో ఒక ద్వారబంధం మిగిలితే గొప్ప. అడవిలో టేకును 50, 60 ఏళ్లు నిలబెట్టేది ఊరికే కాదు.

ఇక పట్నంలో టేకుకు ఉన్న అసలు చిక్కు గాలి. తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. అప్పటికి టేకు నిండా ఆకు మీద ఉంటుంది. ఒక్కో ఆకు అడుగు నుంచి రెండడుగుల పొడవు, గాలికి తెరచాపలా నిలబడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రహరీకి మూడడుగుల దూరంలో నాటిన చెట్టు పదేళ్లకు గోడను నెడుతుంది, గాలివానకు పక్కింటి మీద వాలుతుంది. అప్పుడు "తోటకూర నాడే చెప్పకపోయారా" అనుకోవడమే మిగులుతుంది. గోడకూ, ఇంటికీ, కరెంటు తీగలకూ కనీసం 15 అడుగుల ఎడం లేకపోతే టేకు ఆలోచనే వద్దు. 200 గజాల స్థలంలో ఆ ఎడం ఎక్కడ దొరుకుతుందో మీరే కొలుచుకోండి.

పైగా, సొంత స్థలంలో చెట్టయినా కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, దుంగ తరలించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. నాటేటప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

తోటకూర మడికి ఇవేవీ అడ్డు రావు. ఒక మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు చాలు. అంతకన్నా వెడల్పయితే మధ్యకు చెయ్యి అందక మడిలో కాలు పెట్టాల్సివస్తుంది. జానెడు లోతు తవ్వి, రెండు గంపల బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి ఎరువు వేస్తే మొలకలు మాడతాయి, చెదలు చేరతాయి. విత్తనం అర చెంచాకు కాస్త ఎక్కువ, అంటే రెండు మూడు గ్రాములు. దాన్ని పదింతల పొడి ఇసుకతో కలిపి చల్లాలి. ఇసుక కలపకపోతే ఒకచోట గుత్తుగా, ఒకచోట బోడిగా మొలుస్తుంది. పైన పల్చగా మట్టి చాలు, అరంగుళం దాటితే ఆ పిసరంత విత్తనం పైకి రాలేదు. చీమలు విత్తనాన్ని మోసుకుపోకుండా మడి అంచున బియ్యప్పిండి చల్లితే అవి దాని పనిలో ఉంటాయి. నాలుగైదు రోజులకు మొలుస్తుంది.

పీకి వండుకునేదైతే 25 రోజులకు కూర సిద్ధం. కోసుకునే రకమైతే నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయండి, వారం పది రోజులకు మళ్లీ చిగురు వస్తుంది. కొయ్య తోటకూరకు మాత్రం మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఇచ్చి, 50 రోజులు దాటనిచ్చి, వెన్ను వేయకముందే తీసేయాలి. వెన్ను వచ్చిందంటే కాడ పీచు పట్టేస్తుంది, ఎంత ఉడికించినా నమలాల్సిందే.

నవంబరు, డిసెంబరుల్లో చల్లిన తోటకూర పిడికెడు ఎత్తుకే పూతకొస్తే విత్తనం అమ్మినవాడిని తిట్టకండి. రాత్రులు పొడుగైతే దానికి పూయాలనిపిస్తుంది, అంతే. ఆ కాలంలో కోతలు ఆశించకుండా 20 రోజులకే పీకేయడం మేలు. వానాకాలంలో వచ్చేది తెల్లమచ్చ: ఆకు పైన పసుపు చుక్క, తిప్పి చూస్తే తెల్లటి పొక్కు. తడి ఆకు మీద రాత్రంతా నిలవడంతో అది పెరుగుతుంది. నీళ్లు పొద్దున్నే మొదట్లో పోయాలి, మచ్చ ఆకులు తీసేయాలి, తర్వాతి పంటగా అదే మడిలో తోటకూర కాక గోంగూర వేయాలి. ఆకులను గూడులా చుట్టి లోపల తినే పచ్చ పురుగుకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఆకు అడుగున తడవకపోతే కొట్టీ దండగ.

రెండూ కలిపి వేయొచ్చా అంటే, టేకు కింద తోటకూర వద్దు. నీడ ఒక కారణం, అంతకన్నా పెద్దది చినుకు. అంత పెద్ద ఆకు మీద చేరిన నీళ్లు లావు బొట్లుగా జారి నేలను కొట్టేస్తాయి. తోటకూర విత్తనం కొట్టుకుపోతుంది, మట్టి చిమ్మి ఆకు పాడవుతుంది. ఎండాకాలం మొదట్లో టేకు ఆకు రాల్చినప్పుడు వెలుతురు వస్తుంది కానీ వేళ్లు పైపైనే పరుచుకుని మడి నీళ్లను లాగేస్తాయి. రాలిన ఆకు నలిపి కంపోస్టులో వేస్తే ఎరువుకు పనికొస్తుంది. అలాగే వదిలేస్తే అట్టలా పేరుకుంటుంది. లేత ఆకు తడి గచ్చు మీద ఎర్ర మరక చేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఆనందపురం, సబ్బవరం వైపు ఎకరమో అరెకరమో ఉన్నవాళ్లకైతే గట్ల మీద టేకు మంచి మాటే. నేల ఎర్రదై, నీరు ఇంకిపోవాలి. గెడ్డ (వాగు) వారన పల్లపు స్థలమైతే వేరు కుళ్లుతుంది. చూపుడువేలంత లావున్న స్టంపులు (పై కాండం, పిల్లవేళ్లు కత్తిరించిన టేకు నారు మొదళ్లు) తెచ్చి, జూన్‌లో తొలకరి నిలదొక్కుకున్నాక, గునపంతో గుంత చేసి వేరు మెడ (వేరూ కాండమూ కలిసే చోటు) నేలమట్టానికి ఉండేలా నిలబెట్టి, గాలి లేకుండా చుట్టూ మట్టి తొక్కాలి. లోపల సందు ఉంటే స్టంపు ఎండిపోతుంది. ఎడం రెండు మీటర్లు. జానెడు చిగుళ్లు వచ్చాక బలమైనది ఒక్కటే ఉంచి మిగతావి గిల్లేయాలి, పక్క చిగుళ్లను కూడా లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. ముదిరాక కోస్తే ఆ ముడి కలపలో ఉండిపోతుంది. మొదటి రెండు వేసవులు వారానికి ఒక్కో మొక్కకు 20 లీటర్ల నీళ్లు. వర్షాల్లో గొంగళి పురుగులు ఆకును జల్లెడ చేసినా పెద్ద చెట్టుకు మందు కొట్టక్కర్లేదు, మళ్లీ చిగురిస్తుంది. ఆ రెండేళ్లూ మొక్కకు మూడడుగులు వదిలి గట్టు పక్కన తోటకూర చల్లుకోవచ్చు. మూడో ఏడు నుంచి ఆ మడిని గట్టుకు దూరంగా, బావి దగ్గరికి మార్చుకోండి.