పై కర్ర మీద డేగ

పొద్దున్న ఆరుంబావుకి కోళ్ళ గూడు తలుపు తీస్తే ముందు బయటికొచ్చింది కాకి, అంటే మా నల్లపెట్ట. వేరేవాళ్ళకి ఇందులో ఏముందనిపిస్తుంది గానీ మా పెరట్లో ఇది పెద్ద వార్తే, ఎందుకంటే రెండేళ్ళుగా ఆ తలుపు దగ్గర మొదటి అడుగు డేగది, దాని వెనక కాకి, తర్వాత అబ్రాసు, చివర్లో పర్ల. అది రాసిపెట్టినట్టు జరుగుతుంది, నేను నిద్రమత్తులో ఉన్నా వాటి వరస మాత్రం తప్పదు. ఇవాళ డేగ అందరికన్నా చివర దిగింది. దిగి ఫీడర్ దగ్గరకొస్తే పర్ల, అందరి చేతా తన్నులు తినే పర్ల, ఎగిరి దాని తురాయి మీద ఒక్కటిచ్చింది. చిన్న రక్తం చుక్క. డేగ తిరగబడలేదు, పక్కకెళ్ళి గోడవార నిలబడింది.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయా.

మా పెట్టలకి రంగుని బట్టే పేర్లు, అత్తయ్యగారు తణుకు నుంచి తెచ్చిన పద్ధతి అది, ఎర్రది డేగ, నల్లది కాకి, బంగారు రంగుది అబ్రాసు, నల్లా తెల్లా కలిసింది పర్ల. ఈ మధ్య తెచ్చిన రెండు గిరిరాజ పెట్టలకి మాత్రం మావాడు ఇడ్లీ, వడ అని పెట్టాడు, ఆవిడ ఇప్పటికీ ఆ పేర్లతో పిలవరు, "ఆ రెండూ" అంటారు. పుంజు లేదు. బెంగుళూరు రామ్మూర్తినగర్లో ముప్పై బై నలభై అడుగుల సైట్లో ఇల్లు, రెండు వైపులా గోడకి గోడ ఆనుకుని పక్కిళ్ళు, నాలుగున్నరకి కూత మొదలెడితే ఎవరూరుకుంటారు, ఉన్న ఒక్కదాన్నీ పోయినేడాది ఊరికి పంపేశాం. అప్పట్నుంచి పెత్తనమంతా డేగదే, గద్ద నీడ పడితే అరిచేదీ అదే, ఏదైనా పురుగు దొరికితే పిలిచేదీ అదే.

సరే, నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఏంటంటే ఇదంతా కొత్తవాటి వల్లే అని. తిట్టుకున్నా కూడా, ఆ రెండిటినీ కాదు, నన్నే. గిరిరాజ ఇక్కడి జాతే, హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీలోనే 1989లో తయారుచేశారు, పెరట్లో పెంచుకోడానికి బాగుంటుందని అందరూ చెప్తే తెచ్చా. తేవడం మాత్రం పద్ధతిగానే తెచ్చా. 2022లో ఎక్కణ్ణుంచో తెచ్చిన రెండు కోళ్ళని అదే రోజు మందలో వదిలేసి కొక్కెర తెగులు అంటించుకుని ఐదు పిల్లల్ని పాతిపెట్టినదాన్ని కదా, ఆ బుద్ధి ఇంకా ఉంది. మూడు వారాలు మేడ మీద విడిగా ఉంచా, టీకా పడిందో లేదో కనుక్కుని తెచ్చా, తర్వాత పది రోజులు పెరట్లోనే మెష్ అవతల పెట్టా, చూసుకోవచ్చు గానీ పొడుచుకోలేవు. రాత్రిపూట చీకట్లో కర్ర మీద కూర్చోబెట్టా. అన్నీ చేశా. రెండు కిలోలు దాటిన ఒళ్ళు పెట్టుకుని ఆ రెండూ కిలోన్నర పర్లని చూసి పరిగెడతాయి, చూస్తే నవ్వొస్తుంది, ఇక్కడ బరువుకి విలువ లేదు, ముందు ఎవరున్నారన్నదే లెక్క.

ఈ పొడుచుకునే వరస గురించి మొదట రాసింది నార్వేలో ఒకాయన, తొర్లైఫ్ షెల్డరప్-ఎబ్బె, చిన్నపిల్లాడప్పట్నుంచే కోళ్ళ దగ్గర కూర్చుని ఎవరు ఎవర్ని పొడిచారో పుస్తకంలో రాసుకునేవాడట, పెద్దయ్యాక 1920ల్లో దాన్నే పరిశోధనగా అచ్చేశాడు. ఆయన చెప్పిందాంట్లో నాకు నచ్చిందేంటంటే ఈ వరస ఎప్పుడూ నిచ్చెనలా ఉండదని, ఒక్కోసారి ముక్కోణం పడుతుందని. మా దగ్గర కూడా అంతే, కాకి అబ్రాసుని పొడుస్తుంది, అబ్రాసు వడని పొడుస్తుంది, వడకి మాత్రం కాకంటే భయం లేదు, ఎందుకో ఎవరికీ తెలీదు. మావాడు దీన్ని రాయి కత్తెర కాగితం అంటాడు.

కాబట్టి నేను రాజకీయం అనుకుని రాజకీయమే చేశా. రెండో ఫీడర్ తీసి అవతలి మూల పెట్టా, ఇంకో నీళ్ళ గిన్నె పెట్టా, క్యాబేజీ దారంతో వేలాడదీశా వాటికి పనుంటే పోట్లాట తగ్గుతుందని. డేగ తురాయికి పసుపూ వేపనూనె రాశా, ఎర్రగా కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి, రక్తం చూస్తే కోడికి కోడి అని ఉండదు. ఇదంతా ఎనిమిదిన్నర లోపు. తొమ్మిదికి ఆఫీసు వాళ్ళ రోజువారీ మీటింగు, స్టాండప్ కాల్.

కాల్లో ఉండగా అత్తయ్యగారు గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి ఊపుతున్నారు. మ్యూట్ చేశా.

"అమ్మాయ్, ఆ డేగని పట్టుకుని చూశావా?"

"చూశానండీ, పసుపు రాశా. కొత్తవొచ్చాక గొడవలు మామూలే కదండీ."

"గొడవ కాదే. పెత్తనం ఊరికే పోద్దా ఎక్కడన్నా? దానికి ఒంట్లో బాలేదు. మనకన్నా ముందు వాటికి తెలిసిపోద్ది."

ఆ మాట విన్నాక కాల్లో ఎవరేం మాట్లాడారో నాకు తెలీదు. కోడి జబ్బుని దాచుకుంటుందని చదివా, ఎన్నోసార్లు చదివా, నీరసం కనిపిస్తే పక్కదే పొడుస్తుంది కాబట్టి చివరిదాకా బాగున్నట్టే తిరుగుతుందని. చదివింది ఒకటి, కళ్ళ ముందు జరిగితే గుర్తుపట్టడం ఇంకొకటి. పర్ల పొడిచిందంటే పర్ల ధైర్యం అనుకున్నా గానీ డేగ ఎందుకు పడిందో ఆలోచించలేదు.

పట్టుకోవడం కష్టం కాలేదు, అదే మొదటి సూచన, డేగ చేతికి చిక్కే రకం కాదు. కళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, ముక్కు నుంచి ఏం కారట్లేదు, ముఖం వాయలేదు. రెక్కల కింద, వెనకభాగం దగ్గర ఈకలు పాయలు తీసి చూశా, పేలు లేవు. రెట్ట మామూలుగానే ఉంది. రొమ్ము ఎముక మాత్రం చేతికి కత్తి అంచులా తగిలింది. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి కూర్చోబెడితే 1.62 కిలోలు, పోయిన నెల నోట్‌బుక్‌లో 1.87 రాసుంది. పావు కిలో పోయింది, ఈకలు ఉబ్బించుకుని తిరుగుతుంటే పైకి ఏం తెలుస్తుంది.

కాళ్ళు చివర్లో చూశా, అసలు ముందు చూడాల్సినవి. ఎడమ అరికాలు మధ్యలో మెంతిగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. నొక్కితే కాలు లాక్కుంది.

"ఆనెకాయ కట్టింది, ముల్లు గుచ్చుకుని ఉంటది" అన్నారు అత్తయ్యగారు. బంబుల్‌ఫుట్ అంటారు దీన్ని. అరికాలు కమిలో గీరుకునో చిన్న పగులు వస్తే దాంట్లోంచి బాక్టీరియా లోపలికెళ్ళి చీము కడుతుంది, ముదిరితే ఎముకదాకా పోతుంది.

దగ్గర్లో ఉన్న ఒక పెట్ క్లినిక్కి ఫోన్ చేస్తే "కోడా మేడమ్? మేం కుక్కలూ పిల్లులే చూస్తాం" అన్నారు, నవ్వు ఆపుకుంటూ. హాఫ్ డే లీవ్ పెట్టేసి అట్టపెట్టెకి కన్నాలు పొడిచి అడుగున పాత టవల్ వేసి హెబ్బాళ్ బయల్దేరా. ఆటో అబ్బాయి కోలార్ వైపువాడు, తెలుగే. రింగ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర పెట్టెలోంచి కొక్ మని వినిపించగానే వెనక్కి తిరిగి "యాడికక్కా, కోడికి ఆస్పత్రికా? సుమ్నే కోసేసుకోక" అన్నాడు, సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని. అయితే దిగేటప్పుడు పెట్టె వాడే పట్టుకుని లోపలిదాకా తెచ్చిచ్చాడు, అదీ చెప్పాలి.

వెటర్నరీ కాలేజీలో చూసినమ్మాయి పీజీ చదువుతోందట, ఓపిగ్గా చూసింది. ఇంకా లోతుకి పోలేదు, కొయ్యాల్సిన పన్లేదు, ఇంట్లో బ్లేడ్ పెట్టి మీరు తవ్వకండి అని రెండుసార్లు చెప్పింది, నా మొహం చూసి చెప్పిందో ఏమో. రోజూ గోరువెచ్చని నీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ వేసి పదిహేను నిమిషాలు కాలు నానబెట్టి, తుడిచి, బెటాడిన్, ఆయింట్‌మెంట్, పైన గాజ్ గుడ్డ, కట్టు. బరువు చూసి ఐదు రోజులకి మందు రాసింది, ఎన్నాళ్ళు గుడ్లు తినకూడదో కూడా చీటీ మీద రాసింది. తర్వాత అడిగింది, రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటుంది, కింద నేలేంటి అని.

అప్పుడు వెలిగింది నాకు. మా గూట్లో మూడు కర్రలు, మెట్లలా కట్టాం, పై కర్ర నాలుగున్నర అడుగుల ఎత్తు. కింద సిమెంటు, కడగడానికి వీలని నేనే పట్టుబట్టి వేయించా. పై కర్ర ఎవరిది? డేగది. వేరేది ఎక్కితే ఈకలు పీకి దింపేస్తుంది. రోజూ పొద్దున్న అందరికన్నా ఎత్తు నుంచి, అందరికన్నా ముందు, ఆ సిమెంటు మీదకి దూకేది అదొక్కటే. రెండేళ్ళు! పర్ల కింది కర్ర మీద పడుకుని అడుగున్నర దిగుతుంది, దాని కాళ్ళు తామరపూల్లా ఉన్నాయి, ఇంటికొచ్చాక అన్నిటివీ చూశా కదా.

ఇంటికొచ్చేసరికి రెండున్నర. తిండి కూడా తినకుండా మా ఆయనకి ఫోన్ చేసి వచ్చేటప్పుడు రెండంగుళాల చెక్క రీపర్లు తెమ్మన్నా. ఎందుకూ అనకుండా తెచ్చాడు, ఇలాంటి విషయాల్లో మంచివాడు. పాత కర్రలు గుండ్రంగా సన్నగా ఉండేవి, కోడి పాదం పరుచుకుని కూర్చోవాలంటే వెడల్పుగా ఉండాలట. పాతవి మూడూ పీకేసి కొత్తవి మూడూ ఒకే ఎత్తులో, అడుగున్నరలో, మూలలు గరుకు కాగితంతో అరగదీసి బిగించాం. కింద పరవడానికి ఊళ్ళో అయితే ఊక బస్తాలకి బస్తాలు, ఇక్కడ వడ్రంగి షాపు నుంచి చెక్కపొట్టు రెండు గోతాలు తెచ్చుకున్నాం, దుమ్ము జల్లించి నాలుగంగుళాల మందాన పోశాం.

అసలు చిక్కు డేగని ఎక్కడ పెట్టాలన్నది. ఇంట్లోకి తెచ్చి పెడితే కాలు మానుతుంది గానీ పదిరోజులు కనపడకపోతే తిరిగెళ్ళేసరికి అదే కొత్తకోడి అయిపోతుంది. ఈ కిటుకు నేను వాడిందే, పోయినేడాది కాకి మరీ రౌడీగా మారి అబ్రాసు వీపు బోడి చేసేస్తే దాన్ని నాలుగు రోజులు మేడ మీద జైల్లో పెట్టా, దిగి వచ్చాక నోరెత్తలేదు. కాకికి శిక్షగా వేసింది డేగకి వైద్యంగా ఎలా వేస్తాం. చివరికి ఇడ్లీ వడల కోసం కట్టిన మెష్ బోనునే గూట్లో ఒక పక్కన దింపాం, అడుగున మెత్తగా పొట్టు పోసి, దానికి విడిగా నీళ్ళు, లేయర్ ఫీడ్ అనే గుడ్లకోళ్ళ దాణా, ఉడికించిన గుడ్డు కొంచెం. ఒకదాన్నొకటి చూసుకుంటాయి, అంతే. తెల్ల కట్టు చూస్తే మెష్‌లోంచి ముక్కు పెట్టి మరీ పీకుతాయని మావాడి స్కూల్ ప్రాజెక్టుకి తెచ్చిన నల్ల టేపు పైన చుట్టా. కాలు నానబెడుతున్నప్పుడు కళ్ళు మూసుకుంది. నా ఒళ్ళో ఈ కోడి ఎప్పుడూ కూర్చోలేదు.

సాయంత్రం ఆరున్నరకి స్టూలేసుకుని చూస్తూ కూర్చున్నా. కాకి లోపలికొచ్చి పాత పై కర్ర ఉన్న చోటికి మెడ చాపి చూసింది, అటు తిరిగింది, ఇటు తిరిగింది, అక్కడేం లేదు. ఒకే ఎత్తు అయితే గొడవుండదని ఎవరన్నారో గానీ పావుగంట సేపు మూల చోటు కోసం తోసుకున్నాయి, వడ రెండుసార్లు కింద పడింది, పడ్డా అడుగున్నరే, పొట్టు మీదే. చివరికి కాకి మూలకి చేరింది. కింద బోనులోంచి డేగ గొంతులోనే ఏదో గుర్రుమంది. కాకి కొంచెం జరిగింది, ఒక కోడి పట్టేంత. ఊరికే జరిగిందేమో కూడా.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పట్నుంచి మా ఇంట్లో కోడి తుమ్మినా ఆవిడకి కంగారే, కాల్లో ఆనెకాయే అని చెప్తే నమ్మడానికి పది నిమిషాలు పట్టింది.

ఇవాళ గుడ్లు మూడు: అబ్రాసు, పర్ల, ఇడ్లీ. డేగ 1.62. గురువారం మళ్ళీ తూచాలి. ఎప్సమ్ సాల్ట్ అయిపోవచ్చింది, తెప్పించాలి.