దరఖాస్తులో రైతు మాటకు చోటు కావాలి

2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం ముసాయిదాను భూపరిపాలన ప్రధాన కమిషనర్ వెబ్‌సైట్‌లో ఉంచి ప్రజల సలహాలు కోరింది. చట్టం కాకముందే దాని పాఠం జనం ముందుకు రావడం మంచి పద్ధతి, దానిని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే అటువంటి ముసాయిదాను తెరిచి, సెక్షన్లు చదివి, అభిప్రాయం రాసి పంపగలిగేది వకీళ్లు, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, రైతు సంఘాల నాయకులే తప్ప, పాసుపుస్తకంలో తన గుంటలు తగ్గిపోయిన మనిషి కాదు. ఆన్‌లైన్ పాలనలో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు నేను ముందుగా తలచుకునేది ఆ మనిషినే.

2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలై, సాగు భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి పూర్తి కావడం చిన్న మార్పేమీ కాదు. కానీ రికార్డులో తప్పు దొర్లిన వారి సంగతి వేరు. తహసీల్దారుకు రికార్డు సవరించే అధికారం పోయింది, పహాణీలో (ఊరి భూముల సాగు రికార్డులో) భూమి ఎవరి సాగులో ఉందో చూపే అనుభవదారు కాలమ్ కూడా కనుమరుగైంది. చాలా సమస్యలకు మొదట్లో దరఖాస్తు చేసుకునే వీలే లేదు, తరువాత ఒక్కో రకం సమస్యకు ఒక్కో దరఖాస్తు విభాగంగా మాడ్యూళ్లు చేర్చారు. మాడ్యూల్ లేని సమస్య కంప్యూటర్ దృష్టిలో సమస్యే కాదు.

పరకాల వైపు ఆన్‌లైన్ దరఖాస్తులు ఎక్కించే ఒక కేంద్రంలో నేను చూసిన సంగతి ఇది. ఒక పెద్దామె పాసుపుస్తకం ఆపరేటర్ ముందు పెట్టి, మామ, చిన్నమామ భూమిని ఎట్లా పంచుకున్నారో, కాలువ అవతలి గెట్టు ఎవరికి వచ్చిందో వివరంగా చెబుతోంది. ఆ అబ్బాయి ఓపికగానే విన్నాడు. ఓటీపీ హైదరాబాద్‌లోని కొడుకు ఫోనుకు వెళ్లింది, కొడుకు ఫోనులో చదివి చెప్పిన అంకెలను ఎక్కించి, ఆపరేటర్ జాబితాలో నుంచి ‘విస్తీర్ణంలో తేడా’ ఎంచుకున్నాడు. రశీదు చేతికి రాగానే ఆమె అడిగింది: “నేను చెప్పిందంత అండ్ల రాసినవా బిడ్డా?” “ఇండ్ల గంతే వస్తదవ్వా” అన్నాడతను. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. ఆమె చెప్పిన సాక్ష్యం పట్టే చోటు ఆ దరఖాస్తులో లేదు, అంతే.

ధరణి స్థానంలో కొత్త చట్టంతో వచ్చిన భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలైనప్పుడు ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. అధికారులే ఊళ్లకు వచ్చి దరఖాస్తులు తీసుకున్నారు, జూన్‌లో రాష్ట్రమంతటా రెవెన్యూ సదస్సులు జరిగాయి. అప్పీలుకు కూడా చట్టంలో వీలు కల్పించారు. ఊరి మధ్య కూర్చుని అడిగితే గెట్టు పక్కవాడు కూడా మాట కలుపుతాడు, సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితంపై రాసుకున్న అమ్మకం) కాగితం రాసిన నాటి పెద్దమనుషుల్లో ఒకరైనా ముందుకు వస్తారు. అటువంటి సాక్ష్యం ఏ సర్వర్‌లోనూ దొరకదు. సదస్సుల్లో కాగితంపై రాసిచ్చిన మాటలు పోర్టల్‌లోకి ఎక్కేటప్పుడు మళ్లీ ఒక సర్వే నంబరుగా, ఒక కోడ్‌గా కుదించుకుపోకూడదు.

నేను కోరుతున్నవి ఖర్చుతో కూడిన పనులు కావు. దరఖాస్తుదారు తెలుగులో చెప్పింది చెప్పినట్టు రాయడానికో, గొంతు రికార్డు చేయడానికో చోటు ఉండాలి, ఎక్కించినది ఆమెకు చదివి వినిపించాకే రశీదు రావాలి. తిరస్కరిస్తే కారణం తెలుగులో రాయాలి. నిర్ణయం వల్ల ప్రభావితమైన వారికి కారణాలు తెలపాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4(1)(డి) సెక్షన్ ఎప్పుడో చెప్పింది కాబట్టి ఇది దయతో ఇచ్చేది కాదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఉమ్మడి రాష్ట్రంలో 2006లోనే మొదలైంది. మస్టర్లలోని (హాజరు పట్టీల్లోని) పేర్లు, కూలి లెక్కలు ఊరి ముందు చదివి వినిపిస్తే, పనిలోకి రాకుండానే హాజరు పడిన వాడి పేరు ఎక్కడ ఉందో కూలీలే పట్టి చూపారు. భూమి దరఖాస్తుల్లో ఏవి పరిష్కారమయ్యాయి, ఏవి ఎందుకు ఆగాయి అన్న జాబితాను కూడా అదే విధంగా గ్రామసభలో తహసీల్దారు సమక్షంలో చదివించాలి, అభ్యంతరం చెప్పిన వారి మాటను అక్కడికక్కడే పోర్టల్‌లో ఎక్కించాలి.