చార్ల్‌స్టన్ నదీతీరంలో ఒక సాయంత్రం

సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, కూపర్ నది ఒడ్డున ఉన్న వాటర్‌ఫ్రంట్ పార్కులో నిన్న సాయంత్రం కూర్చున్నంతసేపూ, 1975 డిసెంబరు నుంచి 2016 జనవరి వరకు వరుసగా పది పర్యాయాలు ఈ నగరానికి మేయరుగా పనిచేసిన జోసెఫ్ రైలీ గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఒకే వ్యక్తి అంతకాలం పదవిలో ఉండటం మంచిదేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ తీరలేదు. అయితే 1990లో తెరిచిన ఈ పార్కులో, అనాసపండు ఆకారంలో కట్టిన ఫౌంటెన్ దగ్గర పిల్లలు తడుస్తూ ఆడుకుంటుంటే, నదీతీరం అందరికీ దక్కాలన్న ఆయన పట్టుదల ఎంత విలువైనదో కళ్లారా చూశాను.

నన్ను మరింత కదిలించినది ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం. బానిసలుగా తెచ్చిన వేలాది ఆఫ్రికన్లను ఓడల నుంచి దింపిన గాడ్స్‌డెన్ రేవు స్థలంలోనే దాన్ని నిర్మించాలని ఆయన ఏళ్ల తరబడి శ్రమించారు. నిధుల సేకరణ పదవి దిగాక కూడా ఆపలేదు. అది 2023 జూన్‌లో తెరుచుకుంది. రాష్ట్ర శాసనసభ భవనంపై ఎగిరే కాన్ఫెడరేట్ జెండాను (అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండాను) దించాలని కోరుతూ 2000లో ఆయన ఇక్కడి నుంచి రాష్ట్ర రాజధాని కొలంబియా వరకు పాదయాత్ర చేశారు. ఆ భవనం గుమ్మటం మీది జెండాను అదే ఏడాది దించినా, ఆవరణలో మరోచోట నిలబెట్టారు. చార్ల్‌స్టన్‌లోని నల్లజాతీయుల ఇమాన్యుయేల్ చర్చిలో తొమ్మిదిమంది హత్యకు గురయ్యాక, 2015లో గానీ అది అక్కడి నుంచి కదలలేదు.