గోడను కోసిన రోజు

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఆ గది మళ్లీ 4 డిగ్రీలకు దిగింది. చేతులకు సబ్బు నీళ్ల జిగట ఇంకా పోలేదు, కోపమూ పోలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. రేపటిదాకా ఆగితే నా తప్పును నేనే కొంచెం చిన్నది చేసి రాసుకుంటాను.

అది మందులు దాచే శీతల గది. ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందులో చల్లదనం కోసం గొట్టాల్లో తిరిగేది ఆర్-134ఎ గ్యాస్. ఏడాదిలో మూడుసార్లు గ్యాస్ తగ్గిందట, మూడుసార్లూ నాకంటే ముందు వచ్చిన మెకానిక్ నింపి వెళ్లిపోయాడట. గ్యాస్ ఏమన్నా దీపంలో నూనెనా, కాలి తరిగిపోవడానికి? మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరగాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు వెతకకుండా నింపేవాణ్ణి నేను మెకానిక్ అనను, గ్యాస్ వ్యాపారి అంటాను. పైగా ఈ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కలో, సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఓజోన్‌కు హాని లేదు కదా అని తేలిగ్గా వదిలేసేవాళ్లకు ఈ రెండో లెక్క గుర్తుండదు. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలనే 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి.

మందులను వేరే గదికి మార్పించడం, కరెంటు ఆపడం, తలుపులు బార్లా తెరవడం గంటలో అయిపోయాయి. తలుపులు తెరిచి కాసేపు ఆగుదామంటే నాకు సాయంగా వచ్చే కుర్రాడికి విసుగు. ఈ గ్యాస్‌కు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. గాలికంటే బరువు కాబట్టి నేల మీద పరుచుకుని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కంటే తగ్గిందంటేనే ఆ చోటును ప్రమాదకరంగా లెక్కగడతారు. మూసిన గదిలో వంగి పని చేసేది వాడే, నేను కాదు. ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.

లోపలికి వెళ్లగానే ఎవాపరేటర్, అంటే గదిని చల్లబరిచే గొట్టాల చుట్ట, కింది పళ్లెంలో దుమ్ము పట్టిన నూనె మరక కనిపించింది. గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. మందుల నిల్వ చూసుకునే మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, ఈయన శుభ్రంగా పని చేస్తాడని అనుకుంటారు కదా అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత కారే గ్యాస్‌ను పసిగట్టి అరిచే నా కొత్త డిటెక్టర్ తీశాను. వేడి డయోడు రకం, ఏడాదికి కొన్ని గ్రాములు కారే చిల్లును కూడా పసిగడుతుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో మా మేస్త్రీ దగ్గర హాలైడ్ దీపం ఉండేది. గ్యాస్ తగిలితే మంట ఆకుపచ్చగా మారేది. అది క్లోరిన్ ఉన్న ఆర్-22 లాంటి వాటికే పని చేస్తుంది. ఆర్-134ఎలో క్లోరినే లేదు. పైగా ఈ గ్యాసులు మంటలో పడితే ఊపిరితిత్తులను కాల్చే ఆమ్ల వాయువులు పుడతాయి. ఇక ప్రొపేన్‌తో నడిచే ఆర్-290 యంత్రం దగ్గర ఆ దీపం వెలిగించేవాడికి దండం పెట్టాలి. గాలిలో 2 శాతం దాటితే చాలు, అది అంటుకుంటుంది. అక్కడ డిటెక్టర్ కూడా మండే గ్యాసులకు తగినదే కావాలి.

డిటెక్టర్ మొనను సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, ప్రతి అతుకు కిందుగా నడిపించాలి. నేను అలాగే మొదలుపెట్టాను. గొట్టాలు గోడ దాటే రంధ్రం దగ్గరికి రాగానే డిటెక్టర్ అరిచింది. అక్కణ్ణుంచి దూరం జరిపితే మౌనం, దగ్గరికి తెస్తే అరుపు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. గోడలో ఎవడో అతుకు దాచాడని తీర్మానించేశాను. పాత మెకానిక్ మీద ఉన్న కోపం కూడా ఆ తీర్మానానికి సాయం చేసింది. “దొరికింది మేడమ్” అని గట్టిగానే అన్నాను.

అది పఫ్ ప్యానెల్ గోడ, అంటే రెండు రేకుల మధ్య గట్టి నురగ నింపినది. పైరేకు కోసి లోపలి నురగను తవ్వడం మొదలుపెట్టాను. తవ్వేకొద్దీ డిటెక్టర్ ఇంకా గట్టిగా అరిచింది. దాంతో ఇంకా తవ్వాను. జానెడు, రెండు జానలు. రాగి గొట్టం నున్నగా, పుట్టినరోజున ఎలా ఉందో అలాగే ఉంది. అతుకూ లేదు, గీతా లేదు. అరుపు మాత్రం ఆగదు. గంటన్నర అలా గడిచింది. మేడమ్ ఏమీ అనలేదు, ఉష్ణోగ్రతల రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని చూశారు. అరిచినా బాగుండేది.

అప్పుడు కుర్రాడు నేల మీద పడిన నురగ ముక్క ఒకటి తీసుకుని, “అన్నా, దీన్ని బయటికి తీసుకెళ్లి చూద్దామా?” అన్నాడు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను, ఈలోగా వాడు వెళ్లిపోయాడు. ఆరుబయట, ఏ యంత్రానికీ సంబంధం లేని చోట, ఆ ముక్క దగ్గర మొన పెట్టగానే డిటెక్టర్ అదే పాట పాడింది.

చాలా ప్యానెళ్ల నురగను ఉబ్బించడానికి ఫ్లోరిన్ ఉన్న గ్యాసులే వాడతారు. అవి నురగ గూళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. కోసిన ప్రతి గూడూ కాస్త గ్యాస్ వదులుతుంది, డిటెక్టర్‌కు అది చాలు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. పన్నెండేళ్లుగా తెలుసు. “మీరు గోడకు జబ్బు కనిపెట్టారండీ” అన్నారు మేడమ్, చాలా మర్యాదగా.

ఇక డిటెక్టర్ పెట్టెలో పెట్టేశాను. మిగిలిన గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి లాగి, యంత్రాన్ని రెండు భాగాలుగా వాల్వులు మూసి విడదీసి, రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్ ఎక్కించాను. యంత్రం పలక మీద రాసిన పరిమితి దాటకుండా, రెండు వైపులా ఒత్తిడిని 10 బార్ దగ్గర ఆపి, రాత్రికి అలాగే వదిలేశాను. దగ్గర్లో ఉంది కదా అని ఆక్సిజన్ సిలిండర్ తగిలించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెను తాకితే పేలుతుంది. అలాంటివాణ్ణి చూస్తే నేనైతే ఆ గదిలో ఒక్క క్షణం కూడా ఉండను.

నైట్రోజన్ ఎక్కించిన సాయంత్రం 34 డిగ్రీలు, మర్నాడు పొద్దున 25. రెండు గేజీలూ తగ్గాయి: ఒకటి 9.7, రెండోది 9.1. రెండు చోట్లా చిల్లు ఉందని కుర్రాడు కంగారుపడ్డాడు. ఇక్కడ నా వంతు వచ్చింది. తొమ్మిది డిగ్రీలు చల్లబడినందుకే 10 బార్ ఉన్న నైట్రోజన్ 0.3 బార్ దాకా తగ్గుతుందని లెక్క కట్టి చూపించాను. కాబట్టి మొదటి వైపు గట్టిగానే ఉంది. రెండో వైపు, ఎవాపరేటర్ ఉన్న వైపు, 0.6 బార్ నిజంగా పోయింది. ఉష్ణోగ్రత రాసుకోకుండా గేజి ఒక్కటే చూసేవాళ్లు రెండు వైపులా ఊరికే వెతుకుతారు.

తర్వాత సబ్బు నీళ్లు. ఆ ఎవాపరేటర్‌కు ఉన్న ప్రతి వంపుకూ పూసి, గొట్టం వెనక అద్దం పెట్టి, ఒక్కోదాని దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగాం. సన్నని చిల్లు బుడగ లేపదు, తెల్లటి మీగడలాంటి నురగను మెల్లగా పోగు చేస్తుంది. ఎవాపరేటర్‌లోకి వెళ్లే గ్యాస్‌ను అదుపు చేసే ఎక్స్‌పాన్షన్ వాల్వు బల్బు నుంచి వచ్చే సన్నని గొట్టం, ఫ్యాను అదురుకు, గ్యాస్‌ను కంప్రెసర్‌కు తిరిగి తీసుకెళ్లే సక్షన్ గొట్టాన్ని ఒరుసుకుంటూ ఉంది. ఆ ఒరిపిడి చోట, నల్ల తొడుగు కింద, ఆవగింజంత నురగ లేచింది.

దాని కిందే పళ్లెం ఉంది. మొదటి నిమిషంలో నేను తుడిచేసిన నూనె మరక సరిగ్గా అక్కడే ఉండేది. గ్యాస్ కారే చోట నూనె కూడా వస్తుంది. లోపలికి వెళ్లగానే ఆ నూనె నాకు చిల్లు చూపించింది, నేను గుడ్డతో తుడిచాను. కుర్రాడికి ఆ మాట ఇంకా చెప్పలేదు.

ఒత్తిడి తీసేసి, సన్నగా నైట్రోజన్ పారిస్తూ అతికాం. మళ్లీ నైట్రోజన్ పరీక్ష చేశాం, లోపలి గాలీ తేమా పోయేలా 500 మైక్రాన్ల ఒత్తిడి కిందికి వాక్యూమ్ తీశాం, తూకం ప్రకారం గ్యాస్ నింపాం.

వెళ్లేటప్పుడు మేడమ్ రిజిస్టరు తెరిచి, కారణం ఏమని రాయాలని అడిగారు. గొట్టం ఒరిపిడి అన్నాను. రాశారు. కింది గీతలో ‘గోడకు రంధ్రం: మెకానిక్’ అని కూడా రాసి, సంతకం చేయమన్నారు. చేశాను. ఎల్లుండి ప్యానెల్ ముక్కతో మళ్లీ వెళ్లాలి.