గేట్ మీటింగ్ లేని యూనియన్

"అమ్మా, మన కారు నంబర్ ప్లేటు ఎవరు తయారు చేశారో తెలుసా?"

కిరాణా సంచులు డిక్కీలో పెడుతుంటే మా అమ్మాయి అడిగింది. దానికి పదిహేనేళ్ళు. మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇక్కడి నంబర్ ప్లేట్లు రాలీ మహిళా జైల్లో ఖైదీలు చేస్తారట. ఆ జైలు మా ఇంటికి అరగంట దూరం కూడా ఉండదు. ఈ రాష్ట్రంలో చాలామంది ఖైదీల రోజు కూలి ఒక్క డాలరు దాటదు.

"తప్పు చేసి లోపలికి వెళ్ళారు, పని చేస్తే తప్పేముంది?" అన్నాను. నేను పెరిగిన ఇంట్లో జైలు గురించి మాట్లాడటమే అశుభం.

"శిక్ష జైలే కదమ్మా. కూలి ఇవ్వకపోవడం కూడా శిక్షేనా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా రాజ్యాంగ పదమూడో సవరణలోనే నేరానికి శిక్షగా అయితే తప్ప అని మినహాయింపు ఉందని అదే నాకు చెప్పింది. పౌరసత్వ పరీక్ష కోసం అమెరికా చరిత్ర ప్రశ్నలు బట్టీపడుతున్న నాకు ఆ ముక్క ఎక్కడా తగల్లేదు.

ఆ శనివారం హైదరాబాద్‌కి వీడియో కాల్ చేసినప్పుడు అది ఇదంతా మా నాన్నకి చెప్పింది. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు, జీవితమంతా యూనియన్ మనిషి. వినగానే ఆయన అడిగింది ఒకటే: "వాళ్ళకి యూనియన్ ఉందామ్మా?"

ఉండేది. 1974లో ఇక్కడి ఖైదీలు కార్మిక సంఘం పెట్టుకున్నారు. కూలి, పని పరిస్థితుల గురించి అందరూ కలిసి బేరమాడాలన్నది వాళ్ళ ఉద్దేశం. కొన్ని నెలల్లోనే నలభై జైళ్ళలో దాదాపు 2,000 మంది చేరారు. 1975 జూన్‌లో రాలీ మహిళా జైల్లో ఆడవాళ్ళు లాండ్రీ చాకిరీ భరించలేక పని ఆపి, రాత్రంతా ఆరుబయటే కూర్చున్నారు. ఆ లాండ్రీ తర్వాత మూతపడింది. సంఘానికి మాత్రం అలాంటి గెలుపు దక్కలేదు. సభ్యులు కలుసుకోకూడదని, ఇతరుల్ని చేరమని అడగకూడదని జైలు శాఖ ఆంక్షలు పెట్టింది. అమెరికా సుప్రీంకోర్టు 1977లో వాటిని సమర్థించింది. జస్టిస్ మార్షల్ ఒప్పుకోలేదు, జస్టిస్ బ్రెన్నన్ ఆయనతో నిలబడ్డారు. మెజారిటీ ముందు ఆ రెండు గొంతులు చాల్లేదు.

"అంటే సభ్యుడిగా ఉండొచ్చు, పక్కవాణ్ణి మాత్రం రమ్మనకూడదా?" నాన్న ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. "గేట్ మీటింగ్ పెట్టుకోనివ్వకపోతే ఇంక యూనియన్ ఏముంటుందమ్మా?"

గేట్ మీటింగ్ అంటే ఏమిటో మనవరాలికి అరగంట చెప్పారు. డ్యూటీ మారే వేళ డిపో గేటు దగ్గర నిలబడటం, ఒకడి కష్టం అందరూ వినడం. ఆ మీటింగుల వల్ల నాన్న ఆలస్యంగా వచ్చిన రాత్రులు నాకు గుర్తే. అవి దేనికో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చంచల్‌గూడ జైలు పెట్రోల్ బంకు ముందు నుంచి ఎన్నిసార్లో వెళ్ళాను. అక్కడ పనిచేసే ఖైదీకి ఎంత ముడుతుందన్న ఆలోచనే రాలేదు. ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని మన సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో చెప్పిందని కూడా ఇప్పుడే, దీనికోసం వెతుకుతుంటే తెలిసింది.

ఇంకో సంగతి మా అమ్మాయిని బాగా కదిలించింది. ఈ రాష్ట్రంలో 1959 నాటి చట్టం ఒకటుంది. ప్రభుత్వోద్యోగుల తరఫున యూనియన్ కుదుర్చుకునే ఒప్పందం చెల్లదు. యూనియన్ ద్వారా బేరమాడే హక్కు జైలు గార్డులకు లేదు, మా అమ్మాయి స్కూల్ టీచర్లకూ లేదు. "తాళం వేసేవాళ్ళకీ లేదు, లోపలున్నవాళ్ళకీ లేదు" అని తాతయ్యకి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అది మా శాసనసభ్యుడికి ఉత్తరం రాస్తానంది. నాకు టెన్షన్ పట్టుకుంది. పదిహేనేళ్ళు వీసాల మీద బతికినవాళ్ళం. ఎక్కడా పేరు కనిపించకుండా ఉండటమే క్షేమం అని నేర్చుకున్నాం. "పేరు రాయి, మన అడ్రస్ వద్దు" అన్నాను.

"నియోజకవర్గం వాళ్ళమని తెలియకపోతే చదవరమ్మా" అంది.

ఉత్తరం రెండు పేజీలు వచ్చింది. 1959 చట్టం తీసేయాలని, ఖైదీలు తమ పని గురించి కలిసి మాట్లాడుకునే హక్కు ఇవ్వాలని, కూలి పెంచాలని రాసింది. గేట్ మీటింగ్ గురించి ఒక పేరా కూడా ఉంది. శనివారం తాతయ్యకి తెలుగులో చెప్పి వినిపించాకే పోస్టు చేస్తుందట. కవరు మీద మా ఇంటి అడ్రస్ నేనే రాశాను.