నోటు చింపేముందు

మా ఇంటి దగ్గర పార్కు పక్కన ఓ ఖాళీ స్థలం ఉంది. కంచెకి 'నో ట్రెస్‌పాసింగ్' అని బోర్డు. మా ఎనిమిదేళ్ళ వాడు ఒకరోజు దాన్ని చూపించి, "డాడీ, చర్చిలో మనం ప్రేయర్ చేసేది దీని గురించేనా?" అన్నాడు. సండే స్కూల్లో వాడికి పరలోక ప్రార్థన, అంటే యేసు శిష్యులకి నేర్పిన ప్రార్థన, ఇంగ్లీషులో నేర్పారు. 'ఫర్గివ్ అస్ అవర్ ట్రెస్‌పాసెస్.' బంతి కోసం పక్కింటి పెరట్లోకి దూకినందుకు దేవుణ్ణి క్షమాపణ అడుగుతున్నామని వాడి లెక్క.

నవ్వుకున్నాం. కానీ అదే వయసులో నేను ఒంగోలు దగ్గర మా ఊళ్ళో, గుడిలో చాప మీద కూర్చుని చెప్పింది వేరే మాట. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." కొన్ని సంఘాల్లో 'అపరాధములు' అంటారు, మాది బాప్టిస్టు సంఘం, మేం 'ఋణములు' అనేవాళ్ళం. ఆ మాటని మాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఊళ్ళో సగం ఇళ్ళకి నోటు బాకీలు. నూటికి రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, మూడేళ్ళు నిండేలోపు నోటు తిరగరాయడం. కట్టిందల్లా నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. అంతా తీరాక నోటు చేతికొస్తే అక్కడే చింపేస్తారు. మా తాత ఆ ముక్కల్ని కూడా నమ్మేవాడు కాదు, ఇంటికి తెచ్చి పొయ్యిలో వేసేవాడు.

మా తాతకి తాత పాలేరు. తీసుకున్న అప్పుకి చాకిరీ. అప్పు తీరదు, చాకిరీ ఆగదు, తండ్రి పోతే కొడుకు దిగాలి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పెద్ద కరువు వెళ్ళిన రోజులు, అమెరికన్ మిషనరీ క్లౌ దొర కాలం. ఆ గుంపులో మావాళ్ళూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. ఇక్కడ డాలస్‌లో ఆఫీసులో ఎవరైనా "అమెరికా వచ్చాక క్రిస్టియన్ అయ్యావా?" అని అడిగితే ఈ తేదీ చెప్తాను. మా ఊరికి వచ్చింది మీ అమెరికన్ బాప్టిస్టులే అని కూడా చెప్తాను. వాళ్ళ ముఖం చూడాలని సరదా, ఇంకేం లేదు.

మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకి కొట్టేశాడని పౌలు కొలొస్సయులకి రాశాడు. దాన్ని ఒక పాలేరుకి చదివి వినిపిస్తే ఎలా వినపడి ఉంటుందా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఆయన నిశానీ పెట్టిన పత్రం కామందు పెట్టెలో ఉంది. సిలువ కూడా రోమన్లు బానిసలకీ తిరగబడినవాళ్ళకీ వేసిన శిక్షే. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో అప్పుకీ పాపానికీ ఒకటే మాటట, 'హోబా'. దేశంలో వెట్టిచాకిరీని, దాని కింద ఉన్న బాకీలతో సహా రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. మావాళ్ళ చెవిన సిలువ కబురు అంతకు దాదాపు వందేళ్ళ ముందే పడింది. మా పిల్లలకి మాత్రం అప్పంటే క్రెడిట్ కార్డు.

కిందటేడు గుడ్ ఫ్రైడే. ఇక్కడ అది ఫెడరల్ సెలవు కాదు, నేను లీవు పెట్టుకున్నాను. ఓ అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని మా తెలుగు సంఘం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన పెట్టింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు. మూడో మాటకే గంటన్నర అయింది, ఇది ఏ దేశం పోయినా మారదు. తిరిగొస్తుంటే కారులో మా పదమూడేళ్ళ అమ్మాయి అడిగింది. "దేవుడు కదా, ఊరికే క్షమించేయొచ్చుగా. ఒకళ్ళు చచ్చిపోవడం ఎందుకు?"

నాకు రుణమాఫీ గుర్తొచ్చింది. 2014లో రెండు రాష్ట్రాల్లోనూ ఇచ్చారు, 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా. "మాఫీ అంటే డబ్బు గాల్లో కలిసిపోవడం కాదమ్మా. రైతు కట్టకపోతే గవర్నమెంటు బ్యాంకుకి కట్టాలి. ఎవరో ఒకరు ఆ నష్టం మింగాలి. సిలువ మీద మింగింది అప్పిచ్చినవాడే." బాగా చెప్పాననుకున్నాను. మా ఆవిడ "ఎనిమిదో మాట మొదలైంది" అంది.

కాసేపాగి వెనక సీట్లోంచి, "కానీ అది చేసింది నాకు. దేవుడు మింగేస్తే సరిపోతుందా? నన్నెవరు అడిగారు?"

'అది' అంటే దాని క్లాస్‌మేట్. ఫిబ్రవరిలో ఓ రాత్రి మా ఇంట్లో పడుకుంది. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గట్టిగా, ఏడుస్తూ, ఒక్కొక్కరి పేరూ పెట్టి ప్రార్థన చేస్తుంది. ఆ అమ్మాయి దాన్ని ఫోన్లో రికార్డు చేసి, నవ్వుతున్న బొమ్మలు పెట్టి, క్లాసు గ్రూపులో వేసింది. మా అమ్మకి ఇప్పటికీ తెలియదు. మా అమ్మాయి వచ్చి చెప్తే నేనన్నది ఒకటే మాట. "క్షమించేయ్ తల్లీ, మనం క్రైస్తవులం." ఆ పిల్ల వాళ్ళ నాన్నా నేనూ ఒకే ప్రాజెక్టు. గొడవెందుకన్నది నా అసలు టెన్షన్. వాక్యం దాని మీద కప్పిన దుప్పటి.

ఇంటికొచ్చాక బైబిలు తీసి మత్తయి పద్దెనిమిదో అధ్యాయం చదివాను. ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు పేతురు యేసుని అడిగేది అక్కడే. 'డెబ్బది ఏళ్ల మారులు', అంటే డెబ్బై ఏడులసార్లు, అన్న జవాబుని చిన్నప్పుడు నేను డెబ్బై సంవత్సరాలనుకునేవాణ్ణి. ఆ వెంటనే పదివేల తలాంతుల అప్పు కథ. ఒక తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. మావాడు ఫోన్లో లెక్కేశాడు. ఒక్క రోజు కూడా మానకుండా చేస్తే 1,64,000 ఏళ్ళ పైన. రాజు అదంతా వదిలేశాడు. ఆ దాసుడు బయటికెళ్ళి, నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు.

ఆ నూరు దేనారాల్ని ప్రసంగాల్లో చిల్లర అన్నట్టు చెప్తారు. చిల్లరేం కాదు. వంద రోజుల కూలి, కూలోడి ఇంట్లో మూడు నెలల తిండి. ఇంకోటి, ఆ కథ మొదలయ్యేదే రాజు లెక్క చూసుకోవడంతో. అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. పొగాకు ధర పడిపోయిన ఏడాది చినతాతకి 1,200 రూపాయల నోటు వదిలేశాడు. తాతకి చదువు రాదు. బడిపంతులుగారిని పిలిపించి అసలు, వడ్డీ, చెల్లులు అన్నీ పైకి చదివించాడు. చినతాత తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాతే చింపాడు. "ఎంత వదిలేస్తున్నానో నాకూ తెలియాలి, వాడికీ తెలియాలి" అన్నాడట.

అమ్మాయి గదిలోకెళ్ళి, "నీ నూరు దేనారాలు ఎంతో చెప్పు" అన్నాను. ముందు భుజాలెగరేసింది. తర్వాత గంటసేపు చెప్పింది. ఎవరెవరు నవ్వారో, ఎవరు నానమ్మ గొంతు అనుకరించారో, నెలరోజులు లంచ్ ఎక్కడ కూర్చుని తిందో. చివర్లో, "నువ్వు నన్నే నోర్మూసుకోమన్నావు డాడీ. అది కూడా కలుపు."

సారీ అన్నాను. 'సారీ' తేలిగ్గానే వచ్చింది. 'నన్ను క్షమించు' అన్నది ఇంతవరకూ దేవుడితో తప్ప ఎవరితోనూ అన్న గుర్తు లేదు, ఆ రోజు కూడా రాలేదు. సోమవారం ఆ పిల్ల వాళ్ళ నాన్నకి జరిగింది చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు.

ఈస్టర్ ఆరాధన చివర్లో అందరం లేచి పరలోక ప్రార్థన తెలుగులో అందుకున్నాం. మా అమ్మాయి నా పక్కనే, వాళ్ళ నానమ్మ నేర్పిన యాసలోనే, గట్టిగా చెప్తోంది. 'మా ఋణస్థులను' దగ్గరికొచ్చేసరికి గొంతు ఆగింది. తిరిగి చూశాను. కళ్ళు తెరిచే ఉంది, పెదాలు కదలట్లేదు. 'మమ్మును శోధనలోకి తేక' దగ్గర మళ్ళీ అందుకుంది.